దత్తు సార్ పెట్టెలో అరవై ఒకటో కార్డు

టింగుమని ఒక మూల మోగింది. ఆ చప్పుడు చల్లారకముందే ఇంకో మూల. మొన్న కరీంనగర్‌లో మా ఇంటికి దగ్గరున్న సర్కారు బడిలో, లెక్కల్లో చురుకైన పిల్లల కోసమని కొత్తగా తయారుచేసిన గదిలో కూర్చుని ఆ చప్పుళ్ళు వింటున్నాను. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు ట్యాబులు. సరైన జవాబు నొక్కితే టింగుమంటుంది, తెర మీద పసుపు నక్షత్రం మెరుస్తుంది, వెనకే ఇంకాస్త గట్టి లెక్క వస్తుంది. తప్పు నొక్కితే చప్పుడు చేయకుండా ఒక మెట్టు కిందికి దింపుతుంది. ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ముసలాణ్ణని, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మైకు లేకపోయినా నాకు మైకు గొంతు వస్తుంది. లేచి నిలబడి అన్నాను: "గిట్లాంటి యంత్రం మీద నేను యాభై ఏండ్ల కిందనే లెక్కలు నేర్చిన. దానికి కరెంటు లేదు, తెర లేదు. మూడు వందల పన్నెండు లెక్కలు. ఒక్క తప్పు లేకుండ, ఒక్క ఏడాదిల దాటిన. మన దిక్కు నా తర్వాత దాన్ని దాటినోడు లేడు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. పంతులమ్మ ఒక శాలువా కప్పింది. ఆ శాలువాతో ఇంటికి నడుస్తూ, చప్పట్ల వేడి తగ్గాక, లెక్క సరిచూసుకున్నాను. కార్డులు మూడు వందల పన్నెండు కావు, నూట ఎనభై. ఏడాదిలో కాదు కదా, ఎన్నడూ నేను చివరిదాకా పోలేదు. ఒక్క తప్పు లేకుండా అన్నది మాత్రం ఒక రకంగా నిజమే. ఏ రకంగానో తెలిస్తే మీరు శాలువా వెనక్కి తీసుకుంటారు.

నిజానికి నన్ను కదిలించింది ఆ చప్పట్లు కాదు. కిటికీ పక్కన ఒక పిల్ల ఒకే లెక్క ముందు చాలాసేపటి నుంచి కూర్చుని ఉంది. బొటనవేలి గోరు కొరుకుతూ, కళ్ళు తెర మీద ఉన్నా చూపు ఎక్కడో లోపల ఉంది. ఇంతలో తెర మీద "సమయం ముగిసింది" అని వచ్చింది. ఆ లెక్క మాయమైంది. దాని స్థానంలో తేలికైనదొకటి ప్రత్యక్షమైంది. నిద్రలో ఉన్న మనిషిని ఎవరో రెక్క పట్టి లేపినట్టు ఆ పిల్ల చుట్టూ చూసింది. ఆ ముఖం చూడగానే నాకు దత్తు సార్ గుర్తొచ్చారు. ఆయనను మీరెవరూ ఎరగరు. ఆయన పేరున బడి లేదు, వీధి లేదు. ఉన్నది నా దగ్గర ఒక అట్టముక్క మాత్రమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మాది గోదావరి ఒడ్డు బొగ్గుబాయిల, అంటే గనుల, దిక్కు. కంపెనీ క్వార్టర్లు, ఒకే రకం గుమ్మాలు, తీగల మీద ఆరేసిన బట్టల మీద కూడా సన్నటి నల్లపొడి. మా బాపు బాయి దగ్గర ల్యాంపు రూములో పనిచేసేవాడు. ఆ పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని ఎంత చెడ్డదో మీకు తెలియదు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డుకు బిళ్ళ వేలాడుతూ ఉంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. షిఫ్టు అయిపోయాక ఒక్క బిళ్ళ మిగిలినా మా బాపు ఇంటికి వచ్చేవాడు కాదు. బిళ్ళ ఎవరిదైతే వాళ్ళే తీయాలి, ఇంకొకరు ముట్టకూడదు. మా కాలనీలో నడక నేర్చే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

దత్తు సార్ మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆదిలాబాద్ నుంచి వచ్చారు. ఆయన తండ్రి అక్కడ పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనివాడు. సన్నటి మనిషి, పొడుగు చేతుల తెల్ల చొక్కా, ఎప్పుడూ ఒక గుండీ ఊడి ఉండేది. మరాఠీ కలిసిన తెలుగు. ఎవరినైనా పిలిస్తే "కాయ్ రే" అని, అంటే ఏంరా అని, మొదలుపెట్టేవారు. బొగ్గుబాయి అంతకుముందు ఎన్నడూ చూడలేదట. వచ్చిన మొదటి ఆదివారమే మా బాపు దగ్గరికి పోయి ల్యాంపు రూము ముందు బల్ల మీద కూర్చుని, మొదటి షిఫ్టు దిగడం, ఎక్కడం మొత్తం చూశారట. "మీ సారు బిళ్ళలనే చూసుకుంట కూసున్నడు, ఛాయ్ ఇస్తె గూడ తాగలే" అని బాపు ఇంటికొచ్చి నవ్వాడు.

మా తరగతిలో అరవై మందిమి. సార్ బోర్డు మీద లెక్క సగం రాసేసరికి ఇద్దరం చేసేసేవాళ్ళం. ఒకణ్ణి నేను. ఇంకొకతె భాగ్య, బొగ్గు కొట్టే మల్లయ్య బిడ్డ. లెక్క అయిపోయాక భాగ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. నేను అలా కూర్చునే రకం కాదు. ముందు బెంచీవాడి జడకుచ్చు లాంటి జుట్టుకు సుద్ద రాసేవాణ్ణి, సార్ రాసిన దాంట్లో లేని తప్పులు చూపించేవాణ్ణి. ఇంకో పంతులైతే నన్ను గోడకుర్చీ వేయించేవాడు. దత్తు సార్ ఒకరోజు తరగతి అయిపోయాక మా ఇద్దరినీ ఆపి, మీ ఇద్దరికీ నా క్లాసే ఒక శిక్ష అయింది, అది మీ తప్పు కాదు, నాది అన్నారు. అంతవరకు ఏ పెద్దమనిషీ తన తప్పని నాతో అనగా వినలేదు. నాకు కొంచెం భయం వేసింది కూడా.

దసరా సెలవుల తర్వాత ఆయన ఒక చెక్కపెట్టె మోసుకొచ్చారు. బాయిలోకి పేలుడు మందు వచ్చే పెట్టె. మా కాలనీలో ఖాళీ మందుపెట్టెలు లేని ఇల్లుండేది కాదు, బియ్యం డబ్బా వాటి మీదే, దేవుడి పటం వాటి మీదే. సార్ పెట్టెలో మాత్రం కార్డులున్నాయి. బట్టల దుకాణంలో చొక్కాల మధ్య పెట్టే అట్టలు అడిగి తెచ్చి, కత్తిరించి, నంబర్లు వేసి, సెలవులన్నీ రాస్తూ కూర్చున్నారట. కార్డు ముందు వైపు లెక్క. వెనక వైపు మూడు జవాబులు, ఒక్కో జవాబు పక్కన ఒక్కో నంబరు. నీకు ఏ జవాబు వస్తే ఆ నంబరు కార్డుకు పోవాలి. సరిగ్గా చేసినవాడు ముందుకు పోతాడు. తప్పు చేసినవాడు తాను ఎక్కడ తప్పాడో చెప్పే కార్డుకు పోతాడు, అక్కడి నుంచి మళ్ళీ దారిలో పడతాడు. ఏ కార్డూ శభాష్ అనేది కాదు, ఛీ అనేది కాదు. నువ్వు చేసింది ఒప్పో తప్పో నీకే తెలియాలి. ఇవాళ ఆ ట్యాబులు చేస్తున్నది సరిగ్గా ఇదే. టింగు ఒక్కటే కొత్తది.

పెట్టె పక్కన గోడకు ఒక పలక, దానికి వరుసగా మేకులు. పది కార్డులకొక మేకు, దాని కింద పది, ఇరవై, ముప్ఫై అని అంకె. నూనెడబ్బా రేకు కత్తిరించి మాకు బిళ్ళలు చేసిచ్చారు. నాది ఏడు, భాగ్యది నాలుగు. ఇంకో ఇద్దరికి కూడా ఇచ్చారు కానీ, వాళ్ళు నెల తిరక్కుండానే చాలనుకుని బిళ్ళలు ఇంటికి పట్టుకెళ్ళారు. అందులో సిగ్గు లేదని సార్ ముందే చెప్పారు. ఒక్కటే కట్టడి పెట్టారు: "మేకుకు బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. లోపల ఉన్నోన్ని ఎంతసేపయ్యిందని అడగద్దు. బిళ్ళ ఎవ్వలిదైతె వాళ్ళే తియ్యాలె." బాయిల ఊరి పిల్లలకు ఇంతకంటే విడమరిచి చెప్పే పనిలేదు.

ఇక నా ప్రతాపం వినండి. పదిహేను కార్డులు నిజాయితీగా చేశాను. పదహారో దాని దగ్గర ఒక సంగతి కనిపెట్టాను. వెనక వైపు మూడు నంబర్లలో అన్నిటికంటే పెద్దదే ముందుకు పోయే దారి. మరి లెక్క చేయడమెందుకు? కార్డు తిప్పు, పెద్ద నంబరు చూడు, ఉరుకు. వారంలో నా బిళ్ళ తొంభయ్యో మేకుకు చేరింది. ఒక్క తప్పు లేకుండా అన్నాను చూడండి, అది ఇలా. భాగ్య బిళ్ళ ముప్ఫై దగ్గరుంది. నేను రోజూ ఆమె వైపు చూసి ఈల వేసేవాణ్ణి. సార్ ఒకసారి, అన్నీ చేసినవేనా అని మామూలుగా అడిగారు. కొండగట్టు అంజన్న మీద ఒట్టేశాను. మరుసటి రోజు తొంభై ఏడో కార్డు వెనక పెద్ద నంబరు నూట ఇరవై కనిపించింది. పోయాను. నూట ఇరవై మీద లెక్క లేదు. సార్ గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "కాయ్ రే ఓదెలూ, పెద్ద నంబరు పట్టుకొని గిక్కడిదాక ఉరికొస్తవని నాకు ఎరుకే. లెక్క చేసినోడు గీ కార్డుకు రాడు. మొదటి కార్డుకు పో."

తలెత్తి చూస్తే సార్ తరగతికి పాఠం చెబుతూనే ఉన్నారు. నా వైపు చూడలేదు. అరవై మందిలో ఎవరికీ తెలియలేదు. నా బిళ్ళ నేనే తీసి మొదటి మేకుకు తగిలించుకున్నాను. ఎవరైనా అడిగితే, మళ్ళీ ఒకసారి చేయాలనిపించింది అని చెప్పుకున్నాను. ఒక పిల్లవాడు ఎలా మోసం చేస్తాడో ముందే ఊహించి, వాడు వచ్చే దారిలో వాడి పేరుతో ఒక కార్డు పెట్టి, వాడి పరువు కూడా కాపాడిన మనిషి ఆయన. తర్వాత ముప్ఫై మూడేళ్ళ నౌకరీలో నేను ఎందరినో పట్టుకున్నాను గానీ, అంత మెత్తగా పట్టుకోవడం నాకు చేతకాలేదు.

రెండోసారి చాలావరకు చేస్తూనే పోయాను. చాలావరకు అన్నాను, మొత్తం అనలేదు. అరవై ఒకటో కార్డు మీద ఒక బాయి బొమ్మ ఉంది. సొరంగం దారులు గీతలుగా గీసి, అవి కలిసేచోట చుక్కలు పెట్టారు. దీపం పట్టుకున్న మనిషి అన్ని దారులూ నడవాలి, ఏ దారీ రెండోసారి నడవకూడదు. ఏ చుక్క దగ్గర బయలుదేరాలి? అరగంట గీశాను, రాలేదు. ప్రతిసారీ ఉచ్చు పెట్టరు కదా అనుకుని, వెనక్కి తిప్పి, పెద్ద నంబరు ఎనభై చూసుకుని దాటేశాను. నిజంగానే ఉచ్చు లేదు. మాఘం వచ్చేసరికి నా బిళ్ళ నూట నలభై మీద మెరుస్తోంది. భాగ్య బిళ్ళ అరవయ్యో మేకు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఆ రోజుల్లోనే వేసవి శిబిరం మాట వచ్చింది. కరీంనగర్‌లో ఇరవై రోజులు, బడికి ఒక్కరు, లెక్కల్లో గట్టివాళ్ళు. అక్కడ గోడ మీద బొమ్మలు వేసి చూపించే యంత్రం ఉందట, పిడి తిప్పితే గుణకారం చేసి పెట్టే ఇంకో యంత్రం ఉందట. ఆ పిడి నా కలల్లోకి వచ్చేది. భాగ్యకు పిడి సంగతి పట్టలేదు. ఆమెకు వేరే లెక్క ఉంది. మల్లయ్య ఇంట్లో చెప్పేశాడు: సారు మన పిల్లను శిబిరానికి పంపితే పదో తరగతికి పోనిస్త, లేకుంటే తొమ్మిదితో చాలు, అవ్వ పక్కన బీడీలకు కూసోవాలె. ఈ మాట కాలనీ అంతా తెలుసు. నాకూ తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, తెలియక చేశానని నేను చెప్పబోవడం లేదు.

భాగ్య అవ్వకు, అంటే అమ్మకు, జ్వరం వచ్చి ఆ వారం ఆమె బడికి రాలేదు. బిళ్ళ మాత్రం అరవై మీద ఉంది. గురువారం నాడు నేను పెద్దసారు గది బయట నీళ్ళ కుండ దగ్గర ఉండగా లోపల దత్తు సార్ గొంతు వినిపించింది: "ఎవ్వలు దూరం పోయిండ్రు అన్నది కాదు సార్. పదకొండు రోజుల సంది గా నాలుగో నంబరు బిళ్ళ కదల్లే. ఇంటికాడ ఉండి గూడ లోపలనే ఉన్నది. నాకు గా పిల్ల కావాలె." నా చేతిలో గ్లాసు అలాగే ఉంది. నూట నలభై దాకా పోయినవాణ్ణి నేను, అరవై దగ్గర ఆగిపోయినామె ఆమె. ఇదెక్కడి న్యాయమని ఉడికిపోయాను. ఎలా పోయానో ఆ క్షణాన గుర్తు రాలేదు. మోసం చేసేవాడికి ఉండే సౌకర్యం అదే, తన మోసం తనకే ముందు మరుపుకొస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం, అందరూ తిండికి పోయినప్పుడు, నాలుగో నంబరు బిళ్ళ తీసి నా అంగీ జేబులో వేసుకున్నాను. అంతే పని. తీసినప్పుడు చిన్న చప్పుడైంది, రేకుకు మేకు రాసుకున్న చప్పుడు.

శనివారం శిబిరానికి పేరు రాసుకుపోవడానికి ఆఫీసరు వచ్చాడు. దత్తు సార్ ఆయనను పలక దగ్గరికి తీసుకొచ్చి, మాట మొదలుపెట్టబోయి ఆగిపోయారు. ఖాళీ మేకును వేలితో ముట్టుకుని చూశారు, కళ్ళను నమ్మనట్టు. బిళ్ళ తీసేది బిళ్ళ గలవాళ్ళే. ఇంటి దగ్గర ఏమైందో, పిల్ల వచ్చి తీసుకుపోయింది కాబోలు అనుకున్నారు. ఇంకొకటి అనుకోవడం ఆయనకు తట్టలేదు, ఎందుకంటే అది బాయిల ఊరు. చాలాసేపటికి కాగితం మీద నా పేరు రాసిచ్చారు. నా వీపు తట్టారు కూడా. ఆ చెయ్యి ఎంత బరువుందో ఇప్పటికీ చెప్పగలను.

ఆ రాత్రంతా నిద్ర లేదు. ఆదివారం పొద్దున బాపు గుమ్మంలో కూర్చుని ఛాయ్ తాగుతుంటే, నేనే పోయి, బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. బాపు బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పాడు. వేల బిళ్ళలు తిప్పిన వేళ్ళు. కొడతాడనుకున్నాను. "నేను కొత్తగ చేరినప్పుడు" అన్నాడు నెమ్మదిగా, "ఒకడు పరాచికానికి దోస్తు బిళ్ళ తీసి జేబుల ఏసుకొని ఇంటికి పోయిండు. లోపల గా మనిషి కాలు ఇరిగి పడున్నడు. బోర్డు మీద బిళ్ళ లేదు. ఎవ్వలు దేవులాడలే." ఆ మనిషి బతికాడా అని అడిగాను. బాపు లేచాడు. లోపలికి పోయి అంగీ తొడుక్కుని వచ్చాడు.

ముందు దత్తు సార్ ఇంటికి పోయాం. సార్ విన్నారు, సైకిలు తోసుకుంటూ మాతో నడిచారు. మల్లయ్య ఇంటి ముందు భాగ్య కూర్చుని ఉంది. ఒళ్ళో కొత్త చాట, కొత్త కత్తెర. బీడీల కోసం తునికాకు కత్తిరిస్తోంది. శనివారం సాయంత్రమే మల్లయ్య కొనుక్కొచ్చాడట. ఆమె పక్కన నేల మీద బొగ్గుతో గీసిన బొమ్మ ఉంది, అరవై ఒకటో కార్డు బొమ్మే, పెద్దగా. దాని మీద ఎర్రటి బీడీల దారం పరిచి ఉంది, ఒక్కో గీత మీదుగా, తెంపకుండా. ఒక మూలకు వచ్చేసరికి దారం ఇక పోలేక ఆగిపోయింది.

సార్ బిళ్ళ సంగతి ఎత్తకముందే ఆ దారం చూశారు. సైకిలు గోడకు ఆనించి నేల మీద చతికిలబడ్డారు. భాగ్య తల వంచుకునే చెప్పింది: "గీ కార్డుల తొవ్వ లేదు సార్. దారం తెంపకుండ రాదు. నాలుగు జాగలల్ల మూడేసి తొవ్వలున్నయి. మూడు తొవ్వలున్న జాగ బయలెల్లిన కాడన్న ఉండాలె, ఆగిన కాడన్న ఉండాలె. గయి రెండే గద. మిగిలిన రెండు ఏం జెయ్యాలె?"

సార్ దారం అటు పెట్టారు, ఇటు పెట్టారు. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, అందులోని మొదటి బొమ్మతో పోల్చి చూసుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. మల్లయ్య, బాపు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అరె బాబా" అన్నారు సార్, "కార్డు మీదికి దించేటప్పుడు ఒక గీత మర్చిన. ఒక తొవ్వ గీయలే. గీ మూడు జవాబులల్ల ఒక్కటి గూడ కరెక్టు కాదు." నవ్వు ఆగాక నా వైపు తిరిగారు. "మరి నువ్వెట్ల దాటినవ్ రా ఓదెలూ?"

బిళ్ళ దొంగనని నలుగురి ముందు తేలబోతున్నప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు నేను. జవాబు లేని లెక్కను జవాబు చెప్పి దాటినవాణ్ణి. నూట నలభయ్యో మేకు మీద మెరిసే నా ఏడో నంబరు బిళ్ళ కింద ఏమీ లేదని ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. భాగ్య మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. కోపంతో కాదు, ఒక లెక్క ఎలా తప్పిందో చూసినట్టు చూసింది.

అప్పుడు బాపు జరిగింది చెప్పాడు. సార్ మల్లయ్యతో ఇలా అన్నారు: "పదకొండు రోజులు నీ బిడ్డ లోపల ఉన్నది మల్లయ్యా. నేను బోర్డు సరిగ చూడలే, పైకొచ్చిందనుకొని పేరు కొట్టేసిన. తప్పు నాది." మల్లయ్య బొగ్గు కొట్టే మనిషి, చదువు భాష తెలియదు, ఈ భాష తెలుసు. నేల మీది దారం వంక చూశాడు. తర్వాత వంగి బిడ్డ ఒళ్ళోంచి చాట తీసి, గోడ అవతల పెట్టాడు. "బిళ్ళ ఏది?" అన్నాడు. బాపు దాన్ని మల్లయ్యకు ఇవ్వలేదు, సార్‌కు ఇవ్వలేదు. భాగ్య చేతిలో పెట్టాడు.

సోమవారం మొదటి బస్సుకు సార్ కరీంనగర్ పోయి పేరు మార్పించి వచ్చారు. ఆఫీసరుకు ఏం చెప్పారని పెద్దసారు అడిగితే, బోర్డు చూడడంలో పొరపాటు పడ్డానని చెప్పానన్నారు. నా పేరు ఎక్కడా రాలేదు. ఆఫీసరు బాగానే తిట్టాడని తర్వాత విన్నాను. భాగ్య ఇరవై రోజులు ఉండి వచ్చింది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట, "పిడి తిప్పితె గడగడమంటది. నువ్వనుకున్నంత ఏం లేదు."

నాకు శిక్ష వేరే పడింది. ఆ వేసవంతా రోజూ సార్ ఇంటికి పోయి కార్డులు రాయాలి. ముందుకు పోయే కార్డులు కావు, తప్పు జవాబు చెప్పినవాడు చేరే కార్డులు, నలభై. మొదట రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. మొదటి కార్డు ఒక్కదానికే వారం పట్టింది. తప్పు చేసినవాడు ఏమనుకుని ఆ తప్పు చేశాడో ముందు తెలియాలి కదా. తెలియాలంటే వాడిలా ఆలోచించాలి, నా తెలివి కాసేపు పక్కన పెట్టాలి. "మిల్లుల పత్తి గుంజుకొని గింజను కింద పడేస్తరు" అనేవారు సార్, చాప మీద నా పక్కన కూర్చుని. "మనకు గింజ కావాలె. వాడు ఎక్కడ మల్లిండో, గా మూలకాడికి పోయి నిలబడు. ఆడికెళ్లి పిలువు." నేను లెక్కల పంతులును అయ్యింది ఆ వేసవిలోనే. బీయెడ్డు తర్వాత చేశాను. పిల్లవాడి నోటు పుస్తకం చూడగానే వాడు ఎక్కడ దారి తప్పాడో చెప్పేస్తాడని నాకు కాస్త పేరుంది. ఆ పేరులో నా గొప్ప ఏమీ లేదు, నలభై కార్డుల జరిమానా అది.

రెండేళ్ళకు సార్ ఆదిలాబాద్ దిక్కు బదిలీ అయి పోయారు. పెట్టెను బడిలోనే వదిలేశారు. కొన్నాళ్ళకు చెదలు తిన్నాయి. ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కబురు చెప్పిన మనిషి, మీ గురించి అడుగుతుండేవారు అన్నాడు. ఏమడిగేవారని అడిగితే, ఓదెలు లెక్కలు చేస్తుండా, నంబర్లు చూస్తుండా అని నవ్వేవారట.

ఆ తర్వాత ఒకరోజు ఆ బడికి మళ్ళీ పోయాను. శాలువా వెనక్కి ఇవ్వడానికి కాదు, అది బాగానే వెచ్చగా ఉంది. కిటికీ పక్క పిల్ల సంగతి పంతులమ్మకు చెప్పి, ట్యాబులోని ఆ గడియారాన్ని ఆపే ఉపాయం ఏదైనా ఉందా అని అడిగాను. ఆమె ఏవో నాలుగు నొక్కులు నొక్కింది, ఆగిపోయింది. అంత సులువని నాకు తెలియదు. ఆ పిల్ల ఆ గంటంతా ఒక్క లెక్క ముందే కూర్చుంది. ఒక్క టింగు లేదు. పంతులమ్మ గాభరాగా నా వైపు చూసింది. లోపల ఉంది, పిలవొద్దు అన్నాను.

నా పర్సులో ఒక అట్టముక్క ఉంది. నూట ఇరవయ్యో కార్డు. సిరా పాలిపోయి గోధుమ రంగుకు దిగింది, అంచులు పోగులు లేచాయి. మనవళ్ళు అది ఏమిటని అడిగితే బంగారు పతకానికి బదులు ఇచ్చారని చెప్పాను ఇన్నాళ్ళూ.

ఇదంతా రాశాక భాగ్యకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆమె మంచిర్యాల కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైంది, అక్కడే ఉంటోంది.   చదవడం అయ్యాక, ఎలా ఉందని అడిగాను.  భాగ్య అంది:

"అంతా మంచిగనే ఉన్నది. ఒక్కటి అబద్ధం. బిళ్ళ నువ్వు ఇయ్యలే ఓదెలూ. మీ అవ్వ అంగి ఉతుక్కుంట జేబుల చూసింది. మీ బాపు నిన్ను రెక్క పట్టి గుంజుకొచ్చిండు, మా వాకిట్ల చెప్పిండు, నేను విన్న. నువ్వేమో, నాకు తెల్వదు, నాకు తెల్వదు అనుకుంట ఏడ్చినవ్. మొదటి కార్డుకు పో."